వానలో విజయనగరం నుంచి అరకు దాకా సైకిల్ మీద: సామాను సర్దడం నుంచి ఘాట్ దిగడం వరకు

ఆషాఢం మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: "వానలో ఘాట్ ఎక్కగలమా?" ఎక్కగలరు. వారానికి మూడు రోజులు సైకిల్ తొక్కే అలవాటు, గేర్లున్న సైకిల్ ఉంటే ఎక్కడానికి కావాల్సింది ఓపిక ఒక్కటే. అసలు అడగాల్సింది దిగడం గురించి. నాతో వచ్చినవాళ్లలో వానలో పడ్డవాళ్లంతా దిగేటప్పుడే పడ్డారు, చలికి వణికి ఇక తొక్కలేమని ఆగిపోయినవాళ్లూ దిగేటప్పుడే ఆగిపోయారు. అందుకే ఇందులో బ్రేకుల గురించి, పొడి బట్టల గురించి ఎక్కువ రాశాను, మిగతాది క్లుప్తంగా చెప్పాను.

## 1. దారి, ఎన్ని రోజులు

విజయనగరం, గంట్యాడ, ఎస్.కోట (శృంగవరపుకోట), బొడ్డవర, కాశీపట్నం, అనంతగిరి, సుంకరమెట్ట, అరకు. మొత్తం సుమారు 100 కిలోమీటర్లు. మొదటి మూడో వంతు మైదానం, ఎస్.కోట వరకు పెద్ద ఎత్తుల్లేవు. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది.

విజయనగరం సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే, అరకు సుమారు 900 మీటర్లు. అయితే ఎక్కేది ఆ తేడా ఒక్కటే అనుకోకండి. దారి గాలికొండ వైపు అరకు కన్నా బాగా పైకి వెళ్లి, అక్కడి నుంచి లోయలోకి దిగుతుంది. అరకు బోర్డు కోసం ఎదురుచూస్తూ తొక్కితే నీరసం వస్తుంది. అనంతగిరి దాటాక కూడా ఎక్కుడు ఉందని ముందే మనసులో పెట్టుకోండి.

వానాకాలంలో ఇది రెండు రోజుల ప్రయాణం. మొదటి రోజు ఎక్కి అరకులో పడుకోవాలి, రెండో రోజు దిగాలి. ఒకే రోజు పోయి వచ్చేద్దామనుకుంటే, కాళ్లు అలిసి వేళ్లు మొద్దుబారి ఉన్నప్పుడు, చీకట్లో తడి ఘాట్ దిగాల్సి వస్తుంది. ఆ పని చెయ్యకండి.

శని, ఆదివారాలు వద్దు. పర్యాటకుల కార్లు, వ్యాన్లు ఎక్కువ, మబ్బు దిగినప్పుడు అవి మలుపు మధ్యలోనే ఓవర్‌టేక్ చేస్తుంటాయి. మంగళ, బుధవారాలు మంచివి.

శ్రీకాకుళం వైపువాళ్లు మొదటిసారే అరకు పెట్టుకోనక్కర్లేదు. పాలకొండ నుంచి సీతంపేట ఘాట్ చిన్నది, వానలో నేర్చుకోవడానికి సరిపోతుంది. అదీ ఎక్కువే అనిపిస్తే శాలిహుండం కొండ దారిలో నాలుగుసార్లు ఎక్కి దిగండి, తడి బ్రేకు ఎలా పడుతుందో చేతికి తెలుస్తుంది. విజయనగరంవాళ్లకు తాటిపూడి రిజర్వాయరు దాకా పోయి రావడం మంచి సాధన. కనీసం రెండుసార్లు కావాలనే వానలో తొక్కి రండి. సాధన అంతా ఎండలో చేసి వానలో కొండకు పోవద్దు.

## 2. బయల్దేరాలా, వద్దా

వాన వేరు, తుపాను వేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే నైరుతి వానలో సైకిల్ తొక్కొచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందంటే మాత్రం ఎన్ని రోజుల ముందు ప్లాన్ వేసుకున్నా మానేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు చివర్లో గులాబ్, మూడూ మన జిల్లాల మీదో పక్కనో తీరం దాటినవే. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా నేను ఘాట్ ప్రయాణం ముందుగా ఖాయం చేసుకోను.

వాతావరణ శాఖ హెచ్చరిక జిల్లాల వారీగా, తీవ్రత పెరిగేకొద్దీ పసుపు, ఆరెంజ్, రెడ్ రంగుల్లో వస్తుంది. చాలామంది విజయనగరం రంగు చూసి బయల్దేరిపోతారు. కానీ 2022 ఏప్రిల్ నుంచి అనంతగిరి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. రెండు జిల్లాలూ చూడాలి. కింద పసుపు రంగు ఉన్న రోజే పైన ఆరెంజ్ ఉండొచ్చు. వాళ్ల లెక్కలో "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం, "అతి భారీ" అంటే 115.6 నుంచి పైన. నా నియమాలు ఇవి:

- రెండు జిల్లాల్లోనూ హెచ్చరిక లేదు, మామూలు ముసురు: బయల్దేరండి.
- పసుపు: ఎస్.కోట దాకా వెళ్లి అక్కడ మళ్లీ చూసి నిర్ణయించుకోండి.
- ఏ ఒక్క జిల్లాలోనైనా ఆరెంజ్ లేదా రెడ్: ఇంట్లోనే ఉండండి.
- ముందు రెండు రోజులు కుండపోత పడి ఉంటే, ఈ రోజు ఎండ కాసినా వద్దు. నానిన గట్టు నుంచి రాళ్లు, మట్టి జారేది అప్పుడే.

పిడుగుల కోసం ఫోనులో దామిని యాప్ పెట్టుకోండి. మీరున్న చోటుకు దగ్గర్లో పిడుగులు పడుతున్నాయా, పడే అవకాశం ఉందా అని చూపిస్తుంది. ఘాట్‌లో సిగ్నల్ పోతుంది కాబట్టి బొడ్డవరలోనే ఒకసారి చూసుకోవాలి.

## 3. సైకిల్‌ను సిద్ధం చెయ్యడం (వారం ముందు, ముందురోజు కాదు)

బ్రేకులు. అన్నిటికన్నా ముందు ఇదే. రిమ్ముకు పట్టే బ్రేకులైతే రబ్బర్లు కొత్తవి వేయించండి. సగం అరిగినవాటితో "ఈ ఒక్క ట్రిప్పు" అనుకోవద్దు. ఎండలో ఆరు నెలలు వచ్చే రబ్బరు, వానలో ఇసుక, బురదతో కలిసి రుద్దుకుంటే ఒక్క ఘాట్ దిగుడులో అయిపోతుంది.

ఇది నాకు జరిగింది. రెండో రోజు దిగుతూ కాశీపట్నం చేరకముందే వెనక బ్రేకు నుంచి గరగరమని శబ్దం మొదలైంది. ఇసుక కాబోలు అనుకుని ఇంకో రెండు మలుపులు దిగాను. ఒక కిలోమీటరు రాయి దగ్గర ఆగి రిమ్ము మీద వేలు పెట్టి చూస్తే సిమెంటు గుజ్జులా బూడిదరంగు ముద్ద అంటుకుంది, వేళ్ల మధ్య రుద్దితే గాజుపొడిలా గరుకుగా ఉంది. అది రిమ్ము నుంచి లేచిన అల్యూమినియం పొడి. రబ్బరు మొత్తం పోయి లోపలి ఇనుము బయటపడింది, రిమ్ము చుట్టూ గోరు ఆగేంత లోతు గీత పడింది. అదనపు రబ్బర్లు సంచిలో ఉన్నాయి కాబట్టి అక్కడే మార్చుకుని దిగాను. అప్పటి నుంచి రెండు జతలు పట్టుకెళ్తున్నాను.

డిస్క్ బ్రేకులు వానలో చాలా మెరుగు. అయినా ప్యాడ్లు అరుగుతాయి, ఒక జత సంచిలో ఉండాలి. కేబుల్‌తో పనిచేసే డిస్కులైతే ప్యాడు అరిగేకొద్దీ లివరు లోపలికి వచ్చేస్తుంది. ఏ స్క్రూ తిప్పితే బిగుస్తుందో మెకానిక్ దగ్గర నేర్చుకుని, మీ చేత్తో ఒకసారి బిగించి చూసుకోండి.

పాత తరహా రాడ్ బ్రేకులు, మెరిసే ఇనుప రిమ్ములు ఉన్న సైకిళ్లతో వానలో ఘాట్ దిగొద్దు. ఆ రిమ్ము తడిస్తే బ్రేకు పట్టదు, ఎంత నొక్కినా జారుతుంది. ఆ సైకిల్ మీద తాటిపూడి వెళ్లండి, ఎస్.కోట వెళ్లండి, హాయిగా ఉంటుంది.

టైర్లు. 32 మిల్లీమీటర్ల కన్నా వెడల్పు ఉంటే మంచిది. గాలి మామూలు కన్నా 5 నుంచి 10 పీఎస్ఐ తగ్గించండి. ఎప్పుడూ 60 పెట్టేవాళ్లు 50, 55 మధ్య పెట్టుకుంటే తడి తారు మీద పట్టు దొరుకుతుంది. టైరు పైభాగంలో ఎక్కడైనా గుడ్డ పొర కనిపిస్తుంటే మార్చేయండి.

గేర్లు. ముందు చిన్న పళ్లచక్రానికి ఎన్ని పళ్లున్నాయో, వెనక పెద్దదానికి ఎన్నో లెక్కపెట్టండి. రెండూ సమానంగా గానీ, వెనకది ఎక్కువగా గానీ ఉంటే బరువుతో కూడా కూర్చునే ఎక్కేయొచ్చు. ముందు 34, వెనక 34 అనుకోండి, అది చాలు. ముందు 42, వెనక 28 అయితే చాలాచోట్ల దిగి నడవాల్సి వస్తుంది. నడవడంలో తప్పేం లేదు, దానికి సమయం కలుపుకోండి.

చైను. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె ఎస్.కోట చేరేలోపే కడుక్కుపోతాయి. సైకిల్ షాపులో తడి వాతావరణానికని అమ్మే చిక్కటి చైను నూనె తీసుకోండి. ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పావుగంట ఆగి, పైన ఉన్నది గుడ్డతో శుభ్రంగా తుడిచేయాలి. పైన మిగిలిన నూనెకు ఇసుక అంటుతుంది, లోపలికి దిగినదే పనిచేస్తుంది. చిన్న సీసాలో కొంచెం వెంట తీసుకెళ్లండి.

మడ్గార్డులు. చూడ్డానికి బాగోవని తీసేసేవాళ్లున్నారు. వానలో రెండూ పొడవైనవి కావాలి. పైనుంచి పడే నీళ్లకన్నా చక్రం ఎగజిమ్మే బురదనీళ్లే నడుమును, పాదాలను ఎక్కువ తడుపుతాయి.

లైట్లు. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి. అనంతగిరి దగ్గర మబ్బు రోడ్డు మీదికి దిగితే ఇరవై అడుగుల అవతల ఏముందో కనిపించదు.

## 4. ఒంటిమీద ఏం వేసుకోవాలి, సంచిలో ఏం పెట్టాలి

తడవకుండా వెళ్లే దారి లేదు. రెయిన్‌కోటు వేసుకుని కొండ ఎక్కితే లోపల చెమటకు తడుస్తారు, వేసుకోకపోతే వానకు తడుస్తారు. కాబట్టి చూసుకోవాల్సింది చలి. ఎక్కేటప్పుడు పల్చటి పాలిస్టర్ టీషర్టు చాలు, రెయిన్‌కోటు సంచిలో ఉంచండి. పైకి చేరగానే, ఇంకా ఒళ్లు వేడిగా ఉండగానే, పొడి బనియను తొడుక్కుని దానిమీద రెయిన్‌కోటు వేసుకుని అప్పుడు దిగడం మొదలుపెట్టండి. చలి వేశాక వేసుకుందామంటే ఆలస్యమైపోతుంది.

కాటన్ వద్దు, జీన్స్ అసలు వద్దు. నీళ్లు తాగి బరువెక్కుతాయి, తొడల మధ్య ఒరుసుకుంటాయి. ఒరుసుకునే చోట కొబ్బరినూనె రాస్తే వానకు గంటలో పోతుంది, వ్యాజిలిన్ నిలుస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి, ఎస్.కోటలో ఒకసారి రాసుకోండి.

బూట్ల కన్నా మడమకు పట్టీ ఉన్న శాండిళ్లు మేలు. బూటులో చేరిన నీరు రోజంతా అక్కడే ఉంటుంది. హవాయి చెప్పులతో మాత్రం వద్దు, తడి పెడలు మీద జారిపోతాయి.

సామాను తడవకుండా ఉండటానికి ఖరీదైన సంచులు అక్కర్లేదు. ఎరువుల బస్తాల లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి ఉంటుంది కదా, రెండుసార్లు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. బట్టలు అందులో వేసి, గాలి నొక్కేసి, మూతి మూడు మడతలు మడిచి రబ్బరుబ్యాండు వేసి, ఆ మూటను మామూలు సంచిలో పెట్టండి. మా ఊరి పొలాల్లో ఒకప్పుడు తాటాకు గిడుగులు పెట్టుకుని నాట్లు వేసేవారు, ఇప్పుడు నెత్తి నుంచి నడుము దాకా ఈ ప్లాస్టిక్ కవర్లే కప్పుకుంటున్నారు. రోజంతా వానలో వంగి పనిచేసేవాళ్లు నమ్ముకున్న కవరు మన బట్టలకూ సరిపోతుంది.

సంచిలో ఉండాల్సినవి:

- [ ] పొడి బట్టలు రెండు జతలు, వేర్వేరు కవర్లలో (ఒకటి దారికి, ఒకటి రాత్రికి, రాత్రి జతను దారిలో విప్పొద్దు)
- [ ] పల్చటి తువ్వాలు
- [ ] బ్రేకు రబ్బర్లు రెండు జతలు, లేదా డిస్కు ప్యాడ్లు ఒక జత
- [ ] కొత్త ట్యూబులు రెండు, టైరు లివర్లు, గాలి పంపు
- [ ] అలెన్ కీలు, చైను నూనె, పాత బనియను ముక్కలు నాలుగైదు
- [ ] ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు
- [ ] బ్యాండేజీ, యాంటీసెప్టిక్, మీరు రోజూ వాడే మందులు
- [ ] 10, 20, 50 నోట్లలో చిల్లర, ప్లాస్టిక్ కవరులో
- [ ] కాగితం మీద బాల్‌పెన్నుతో రాసుకున్న దారి

చివరి రెండూ మర్చిపోవద్దు. సిగ్నల్ లేని చోట ఫోన్ పే పనిచెయ్యదు, టీ తాగి డబ్బులివ్వలేక నిలబడాలి. వానలో టచ్ స్క్రీన్ వేలికి పలకదు. ఊళ్ల పేర్లు, వాటి మధ్య దూరాలు, ఇంటి నంబరు, అరకులో బస చేసే చోటి నంబరు కాగితం మీద ఉంటే బెంగ ఉండదు. అత్యవసరానికి 108, 112.

## 5. తిండి, నీళ్లు

వానలో దాహం తెలియదు, అక్కడే దెబ్బతింటారు. కొండ ఎక్కేటప్పుడు వాన పడుతున్నా చెమట పోతూనే ఉంటుంది. గంటకు అర లీటరు తాగాలి, రెండు గంటలకోసారి ఓఆర్ఎస్.

పొద్దున బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు, రెండు ఇడ్లీలు. ఎస్.కోటలో ఉప్మా గానీ ఇడ్లీ గానీ కడుపునిండా. కొండ మీద అరగంటకోసారి కొంచెం కొంచెం: అరటిపండు, పల్లీ చిక్కీ, బెల్లం ముక్క. ఇంటి నుంచి పులిహోర పొట్లం తెచ్చుకుంటే అనంతగిరిలో తినొచ్చు, పాడవదు. ఘాట్‌లో కాల్చిన మొక్కజొన్న కంకులు దొరికితే తినండి. బొంగు చికెన్ మాత్రం అరకు చేరాక. మధ్యదారిలో మసాలా మాంసం తిని ఎక్కడం చాలా కష్టం.

## 6. మైదానం: విజయనగరం నుంచి ఎస్.కోట

తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరండి. తొందర లేదు, 7:30కి ఎస్.కోట చేరితే చాలు. ఈ ముక్కలో చూసుకోవాల్సినవి మూడు.

ఒకటి, ఉభాల (వరినాట్ల) బురద. జూలై, ఆగస్టుల్లో దమ్ము పట్టిన ట్రాక్టర్లు మళ్లలోంచి నేరుగా తారు రోడ్డెక్కుతాయి. ఇనుప చక్రాల నుంచి రాలిన జిగట మట్టి మీద వాన పడితే సబ్బు రాసినట్టే ఉంటుంది. దూరం నుంచే ఎర్రగానో నల్లగానో మచ్చలు కనిపిస్తాయి. వాటి మీద బ్రేకు వెయ్యొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, తొక్కడం ఆపేసి నిటారుగా దాటేయండి.

రెండు, రైలు పట్టాలు, తెల్ల గీతలు, ఇనుప మూతలు. తడి ఇనుము మీద టైరుకు పట్టు ఉండదు. పట్టాలకు అడ్డంగా, చక్రం సూటిగా పడేలా దాటాలి. ఏటవాలుగా దాటితే ముందు చక్రం పట్టా వెంట జారుతుంది. అనుమానం ఉంటే దిగి నడిపించండి, పది అడుగులే కదా.

మూడు, గెడ్డలు (వాగులు). ఇందులో బేరం లేదు. రోడ్డు మీదుగా గెడ్డ పారుతుంటే, పిక్క లోతే కదా అనుకున్నా, దిగొద్దు. పారే నీరు జానెడు లోతున్నా మనిషి కాలు తీసేస్తుంది, సైకిల్ అడ్డంగా ఉంటే ఇంకా బలంగా లాగుతుంది. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనిపించదు కూడా. ఒడ్డున ఆగండి, వాన తగ్గితే చిన్న గెడ్డలు గంటా రెండు గంటల్లో తగ్గుతాయి. పెద్ద నదుల సంగతి వేరు. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి, ఇక్కడ చుక్క పడకపోయినా పైన పడిన వానకు పొంగుతాయి. శ్రీకాకుళం వైపు ప్రయాణాలు పెట్టుకునేవాళ్లు పైన ఒడిశాలో వాన ఎలా ఉందో కూడా చూసుకోవాలి.

## 7. ఎక్కడం

క్లుప్తంగా చెప్పేస్తాను. కొండ మొదలవ్వకముందే చిన్న గేరుకు రండి. ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే తడి చైను దూకుతుంది. మాట్లాడుతూ తొక్కగలిగే వేగం సరైన వేగం. మాట తడబడుతోందంటే తగ్గించాలి.

కూర్చునే తొక్కండి. లేచి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి తడి తారు మీద తిరుగుడు పడుతుంది. మలుపుల్లో లోపలి అంచు నిట్టనిలువుగా ఉంటుంది, వెనక బండ్లు రావట్లేదని చూసుకుని కొంచెం బయటి నుంచి తిరిగితే కాళ్లకు సులువు. ఎడమ అంచుకు మరీ ఆనుకోవద్దు, అక్కడే ఇసుక, రాళ్లు, ఆకులు చేరతాయి. అంచు నుంచి గజం దూరం ఉంచుకోండి.

గంటకోసారి ఐదు నిమిషాలే ఆగండి. పావుగంట దాటితే ఒళ్లు చల్లబడి మళ్లీ మొదలుపెట్టడం కష్టం. గట్టు కింద, జలజలా నీళ్లు జారుతున్న చోట ఆగొద్దు. పైనుంచి చిన్న రాళ్లు రాలుతున్నా, ఎప్పుడూ తేటగా పారే నీరు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, గట్టు కదులుతోందని అర్థం. వెంటనే వెనక్కి వచ్చేయండి.

మధ్యాహ్నం ఒంటిగంటకు అనంతగిరి చేరకపోతే ముందుకు వెళ్లొద్దు. అక్కడే బస వెతుక్కోవడమో, వ్యాను మాట్లాడుకుని సైకిల్ ఎక్కించడమో చెయ్యండి. ఈ గడియారం నియమం ఇంట్లోనే నలుగురూ ఒప్పుకుని రావాలి, అక్కడికి వెళ్లాక వాదనలు మొదలైతే ఎవరూ వెనక్కి తగ్గరు.

## 8. దిగడం

ఈ భాగం రెండుసార్లు చదవండి.

దిగే ముందు ఐదు నిమిషాలు:

- [ ] రెండు చక్రాల రిమ్ములు గుడ్డతో తుడవండి, రబ్బర్లలో గుచ్చుకున్న ఇసుక రేణువులు గోటితోనో పిన్నుతోనో తీయండి
- [ ] లివరు నొక్కితే హ్యాండిల్‌కు తగులుతోందా? తగిలితే కేబులు బిగించండి
- [ ] టైర్లలో గాలి వేలితో నొక్కి చూడండి
- [ ] పొడి బనియను, దానిమీద రెయిన్‌కోటు, గ్లవుజులు
- [ ] లైట్లు
- [ ] బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూడండి. తాకించలేకపోతే చేతులు మొద్దుబారాయి, వేడెక్కేదాకా దిగడం లేదు

తడి రిమ్ము ఎలా పట్టుకుంటుంది? బ్రేకు నొక్కగానే సైకిల్ ఆగదు. రబ్బరు ముందు రిమ్ము మీది నీటిని తుడవాలి, దానికి చక్రం రెండు మూడు చుట్లు తిరగాలి, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టు వస్తుంది. ఇది తెలియనివాళ్లు మొదట ఆగట్లేదని భయపడి గట్టిగా పిండేస్తారు, అప్పుడే నీళ్లు తుడుచుకుపోయి ముందు చక్రం బిగుసుకుంటుంది, పడతారు. కాబట్టి ఖాళీ రోడ్డు మీద కూడా ప్రతి పది పదిహేను సెకన్లకు రెండు బ్రేకులూ మెల్లగా ఒకసారి తాకించి వదలండి. రిమ్ము తుడుచుకుని సిద్ధంగా ఉంటుంది.

మలుపు ఎలా తిరగాలి? వరుస ఇది, మార్చొద్దు:

1. మలుపు కనిపించగానే, ఇంకా సూటి రోడ్డు మీద ఉండగానే, వేగం తగ్గించండి. నడిచేవాడికి రెండింతల వేగం అనుకోండి, అంతే.
2. నడుము సీటు మీద వెనక్కి జరపండి.
3. మలుపులోకి వెళ్లాక బ్రేకులు పూర్తిగా వదలండి.
4. బయటి వైపు పెడలు కిందికి, బరువు ఆ పాదం మీద.
5. చూపు మలుపు చివర మీద, చక్రం ముందు నేల మీద కాదు.
6. సైకిల్ నిటారు అయ్యాకే మళ్లీ బ్రేకు.

మలుపులో వేగం ఎక్కువైపోయిందని తెలిస్తే ఏం చెయ్యాలి? ముందు బ్రేకు ముట్టుకోవద్దు. సైకిల్‌ను వీలైనంత నిటారుగా లేపి వెనక బ్రేకు మెల్లగా వెయ్యండి. మలుపు కాస్త వెడల్పుగా పోతుంది, అందుకే ఎదురు బండి కోసం ముందే చెవి పెట్టి ఉంచాలి. ఘాట్‌లో బస్సులు హారను కొడతాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దిగేవాళ్లతో నేను వెళ్లను.

హెయిర్‌పిన్ మలుపుల లోపలి అంచున గట్టు నీళ్లు రోడ్డు దాటుతుంటాయి, వాటితో పాటు కంకర, ఎర్రమట్టి వస్తాయి. నిన్న ఎక్కేటప్పుడు శుభ్రంగా ఉన్న మలుపు ఈ రోజు అలా ఉండదు. దిగేటప్పుడు ఒక్కో మలుపును కొత్తగా చూడాలి.

ఇద్దరు ముగ్గురు ఉంటే మధ్య కనీసం యాభై అడుగులు ఉండాలి. ముందువాడి వెనక చక్రం చూస్తూ దిగొద్దు.

చలి. ఎక్కేటప్పుడు కాళ్లు వేడి పుట్టిస్తాయి, దిగేటప్పుడు అవి ఊరికే ఉంటాయి. తడి బట్టల్లోంచి గాలి దూసుకుపోతుంది. ఒక ఆగస్టులో రెయిన్‌కోటు సంచి అడుగున పెట్టుకుని, తీయడానికి బద్ధకించి తడి టీషర్టుతోనే దిగాను. అరగంటకు గేరు మార్చాలని వేలు పెడితే వేలు కదల్లేదు. దారిలో ఒక టీ బడ్డీ దగ్గర ఆగితే అక్కడున్న పెద్దావిడ నా మొహం చూసి, "ఓలమ్మా, పెదాలు నల్లబడిపోనాయి బాబూ, టీ తర్వాత, ముందు పొయ్యి కాడ కూకో" అంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా టీ తొణికింది. సంచి జిప్పు తీయడం నా వల్ల కాలేదు, ఆవిడే తీసి పొడి బట్టలు ఇచ్చింది. జిప్పు తీయలేని వేళ్లు బ్రేకు నొక్కలేవు. ఆవిడ పొయ్యి దగ్గర ముప్పావుగంట కూర్చున్నాకే కదిలాను.

వణుకు మొదలైతే: ఆగండి. తడి బట్టలు విప్పి తుడుచుకుని పొడివి వేసుకోండి. తీపి టీ, బెల్లం. దగ్గర్లో నీడ లేకపోతే సైకిల్ దిగి చురుగ్గా నడుస్తూ తోసుకెళ్లండి, నడిస్తే వేడి పుడుతుంది. తోడున్నవాళ్లలో ఎవరైనా మాట ముద్దగా మాట్లాడుతున్నా, వణుకు ఆగిపోయి నిద్ర వస్తోందన్నా, అది అలసట కాదు, ఇక తొక్కనివ్వకండి. ఒళ్లు వెచ్చగా కప్పి వెంటనే 108కి చెయ్యండి, సిగ్నల్ లేకపోతే వచ్చే బండి ఆపండి.

## 9. దారిలో చెడితే

పంక్చరు. వానలో పంక్చర్లు ఎక్కువ. నీళ్లు రోడ్డు పక్క గాజుముక్కలు, ముళ్లు మధ్యకు తెస్తాయి, తడి రబ్బరులో అవి సులువుగా దిగుతాయి. తడి ట్యూబు మీద ప్యాచీ అంటదు, ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి. ట్యూబు మార్చేయండి, ప్యాచీ సంగతి రాత్రి గదిలో చూసుకోవచ్చు.

1. మలుపులో కాకుండా, రెండు వైపులా కనిపించే చోటుకు నడిపించండి. వెనక లైటు వెలుగుతూ ఉండాలి.
2. చక్రం విప్పి, ట్యూబు తీసి, టైరు లోపల గుడ్డముక్కతో చుట్టూ తుడవండి. వేలితో తడిమితే గాజుముక్క కోస్తుంది. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు.
3. ముల్లు తీశాకే కొత్త ట్యూబు. తియ్యకుండా వేస్తే రెండో ట్యూబూ పోతుంది. రెండు ట్యూబులు తెమ్మన్నది నిజంగా రెండు పంక్చర్ల కోసం.
4. కొంచెం గాలి కొట్టి, టైరు అంచు చుట్టూ ట్యూబు నలగలేదని చూసి, అప్పుడు పూర్తిగా కొట్టండి.

చైను కిచకిచ. నూనె పోయింది. గుడ్డతో తుడిచి నాలుగు చుక్కలు వెయ్యండి. వానలో 50 కిలోమీటర్లకు ఒకసారి ఇది మామూలే.

బ్రేకు గరగర. వెంటనే ఆగండి, నేను ఆగనట్టు ఆగకుండా ఉండొద్దు. రబ్బరులో రాయి ఉందా, రబ్బరు అయిపోయిందా చూడండి.

ఉరుములు. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల లోపే ఉంటే పిడుగు మీదాకా రాగలదు. పక్కా ఇల్లు, ఆర్టీసీ బస్సు, కారు ఏది దొరికితే అందులోకి వెళ్లండి. ఒంటరి చెట్టు, వ్యూ పాయింటు, రేకుల పాక వద్దు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి కదలండి.

## 10. ఇంటికొచ్చాక, అదే రోజు

అలిసిపోయి సైకిల్‌ను గోడకు ఆనించి పడుకుంటే పొద్దుటికి చైను ఎర్రబడుతుంది. ముందు మీరు స్నానం చేసి ఏదైనా తినండి, తర్వాత ఇరవై నిమిషాలు దీనికివ్వండి.

బకెట్టు నీళ్లు, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డ చాలు. పైపుతో గట్టిగా కొడితే చక్రాల ఇరుసుల్లోకి, పెడళ్ల మధ్య ఇరుసులోకి నీళ్లు పోయి గ్రీజు కడుక్కుపోతుంది. చైను తుడిచి ఆరబెట్టి నూనె వెయ్యండి. బ్రేకు రబ్బర్లు విప్పి మిగిలిన మందం చూడండి. టైరు చుట్టూ చూస్తూ గుచ్చుకున్న గాజురవ్వలు పిన్నుతో తీసేయండి, అవి లోపలికి దిగడానికి మరో వంద కిలోమీటర్లు పట్టొచ్చు కానీ దిగుతాయి.

సీటు ఎంత ఎత్తులో ఉందో టేపు చుట్టి గుర్తు పెట్టుకుని, సీటు గొట్టం బయటికి తీసి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టండి. ఫ్రేము లోపల చేరిన నీళ్లు బయటికొస్తాయి, ఒక్కోసారి గ్లాసుడు ఉంటాయి. రాత్రంతా అలాగే వదిలి, పొద్దున గొట్టానికి కాస్త గ్రీజు రాసి గుర్తు దాకా దింపి బిగించండి.